కొత్త బ్లాకు కట్టే ముందు ఓపీ హాల్లో ఒకరిని నిలబెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ హాలు చాలక రోగులు మెట్ల మీదా చెట్ల కిందా కూర్చుంటున్నారని, అదనపు బ్లాకు కోసం ప్రతిపాదనలు పంపారని ఈమధ్య మీ జిల్లా పేజీలో వచ్చింది. ఆ హాలు నాకు బాగా తెలుసు. షుగరు, బీపీ ఉన్న మా అక్కను అక్కడికి తీసుకెళ్లేది నేనే. మీరు రాసిన రద్దీ నిజమే, వేసిన ఫొటో కూడా నిజమే. కానీ అంతమంది ఒకేసారి అక్కడ ఎందుకు ఉండాల్సి వస్తోందన్న ప్రశ్నను ఆ వార్తలో మాట్లాడిన నాయకులు గానీ అధికారులు గానీ ఎత్తలేదు. నా ఉద్యోగమంతా అలాంటి ప్రశ్నలతోనే గడిచింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒక పెద్ద ఫ్యాక్టరీ ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఒక పని మొదలైన దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా ఎక్కడెక్కడ ఆగుతోంది, ఎవరు ఎంత దూరం నడుస్తున్నారు, ఏ సరుకు ఎవరి కోసం ఎదురుచూస్తోంది అన్నది చూసి, రాసి, కొలిచి, ఏం మారిస్తే బాగుంటుందో చెప్పడం మా విభాగం పని. స్టాప్‌వాచ్ బిగించిన అట్ట పట్టుకుని షాపు ఫ్లోరులో నిలబడితే "వర్క్ స్టడీ వాళ్లొచ్చారు" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నా నాకు అదే చూపు.

మా అక్క లాంటి పేషెంటు ఒక పూటంతా ఏం చేస్తుందో చెబుతాను. ఓపీ చీటీల కౌంటరు ఇంకా తెరవకముందే వచ్చి లైన్లో నిలబడుతుంది. చీటీ రాయించుకున్నాక బీపీ చూసే బల్ల దగ్గర ఇంకో లైను. అక్కడినుంచి డాక్టరు గది ముందు మరో లైను. డాక్టరమ్మ ఓపిగ్గానే చూస్తారు, కానీ పాత పుస్తకం తిరగేసి "షుగర్ టెస్టు చేయించుకుని రామ్మా" అని రాస్తారు. ల్యాబ్ వెనక బ్లాకులో ఉంది. అక్కడ రక్తం ఇచ్చాక రిపోర్టు మధ్యాహ్నం వస్తుందంటారు. రిపోర్టు చేతికొచ్చేసరికి ఓపీ అయిపోతుంది. ఇక మర్నాడు ఆ కాగితం చూపించడానికి మళ్లీ అదే బస్సు, అదే లైను. చివర్లో మందుల కౌంటరు. అక్కడ 15 రోజులకు సరిపడా మాత్రలు ఇస్తారు. అంటే రెండు వారాల తర్వాత మళ్లీ రావాలి. "ఏటి తమ్ముడూ, మందుబిళ్లల కోసం ఇన్నిసార్లు తిరగడమేటి" అని అక్క అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఇందులో నిజంగా ఆమె కోసం పని జరిగిన సమయం ఎంత? చీటీ రాయడం ఒకట్రెండు నిమిషాలు. బీపీ చూడటానికి రెండు. డాక్టరు నాలుగు, సూది రెండు, మందులు ఇచ్చి ఎలా వాడాలో చెప్పడం మూడు. అన్నీ కలిపినా పావుగంట. మిగతా పూటంతా నిలబడటం, కూర్చోవడం, బ్లాకుల మధ్య నడవడం. ఇప్పుడు కట్టబోయే కొత్త హాలు ఆ పావుగంటకు ఏమీ కలపదు. ఎదురుచూసే సమయం కూర్చోవడానికి చోటు చూపిస్తుంది, అంతే.

మా వృత్తిలో దీన్ని కాగితం మీద పెట్టే పద్ధతి ఒకటుంది. ఫ్రాంక్ గిల్బ్రెత్, లిలియన్ గిల్బ్రెత్ అనే అమెరికన్ దంపతులు 1921లో ప్రోసెస్ చార్టు అనేదాన్ని ఇంజినీర్ల ముందు పెట్టారు. తర్వాత 1947లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం దానికి ఐదు గుర్తులు ఖాయం చేసింది. పని జరిగితే గుండ్రం, కదిలితే బాణం, తనిఖీకి చదరం, ఎదురుచూపుకు ఇంగ్లీషు డి అక్షరం ఆకారం, దాచి ఉంచితే త్రికోణం. మా అక్క పూటను ఆ గుర్తుల్లో రాస్తే కాగితం నిండా బాణాలూ, ఎదురుచూపు గుర్తులూ కనిపిస్తాయి. గుండ్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సూపరింటెండెంటు గారి ముందు ఆ ఒక్క కాగితం పెడితే గంట ఉపన్యాసం అక్కర్లేదు.

హాలు విషయానికి వస్తాను. 1961లో జాన్ లిటిల్ అనే ప్రొఫెసర్ రుజువు చేసిన సూత్రం ఒకటుంది. చాలా తేలిక లెక్క. గంటకు ఎంతమంది వస్తున్నారో దాన్ని, ఒక్కొక్కరు లోపల ఎన్ని గంటలు ఉంటున్నారో దానితో గుణిస్తే, సగటున లోపల ఉండే మనుషుల సంఖ్య వస్తుంది. గంటకు 40 మంది వస్తూ, ఒక్కొక్కరు 3 గంటలు ఉంటున్నారనుకోండి. ఎప్పుడు చూసినా హాల్లో 120 మంది ఉంటారు. తోడొచ్చినవాళ్లను కలిపితే ఇంకా ఎక్కువ. అదే 40 మంది వస్తూ, ఒక్కొక్కరు గంటన్నరలో బయటపడితే 60 మందే ఉంటారు. ఒక్క ఇటుక కూడా పేర్చకుండా హాలు రెండింతలైనట్టే. వచ్చే రోగుల సంఖ్య మన చేతిలో లేకపోవచ్చు, లోపల గడిపే గంటలు మాత్రం చాలావరకు మన ఏర్పాట్ల మీదే ఆధారపడతాయి.

"డాక్టర్లు తక్కువ, జనం ఎక్కువ, ఇంకేం చేస్తాం" అనేది నేను తరచూ వినే మాట. డాక్టర్లు తక్కువన్న మాట నేను కాదనను. ఖాళీ పోస్టులు నింపాల్సిందే. కానీ రద్దీకీ ఎదురుచూపుకూ ఉన్న సంబంధం మనం అనుకునేంత సూటిగా ఉండదు. డెన్మార్కులో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోనే దీని మీద గణితం మొదలుపెట్టాడు. లైన్ల గురించి మేము చదువుకున్నదంతా అక్కడినుంచి పెరిగినదే. ఒక డాక్టరు ఒక్కో పేషెంటుకు సగటున 4 నిమిషాలు తీసుకుంటారనుకుందాం. ఐదు గంటల ఓపీలో ఆగకుండా చూస్తే 75 మంది. జనం వాళ్లకు వీలైనప్పుడు వస్తూ, ఒకరికి రెండు నిమిషాలు, ఇంకొకరికి పది నిమిషాలు పడుతూ ఉంటే, 60 మంది వచ్చే పరిస్థితిలో ఒక్కొక్కరి ఎదురుచూపు లెక్క ప్రకారం సగటున 16 నిమిషాలు. అదే 71 మంది వచ్చే పరిస్థితి నిలకడగా కొనసాగితే ఎదురుచూపు 71 నిమిషాలకు చేరుతుంది. పెరిగింది పదకొండు మందే. డాక్టరు అప్పటికీ 75 మందిని చూడగలరు, అయినా ఎదురుచూపు నాలుగింతలు దాటింది. ఈ లెక్కలో మనకు పనికొచ్చేది తిరుగు దారి. వచ్చేవాళ్లలో కొద్దిమందిని తగ్గించగలిగినా ఎదురుచూపు చాలా ఎక్కువ తగ్గుతుంది.

మరి ఎవర్ని తగ్గిస్తాం? జబ్బుతో వచ్చినవాళ్లను తగ్గించమని ఎవరూ అనరు. రావాల్సిన అవసరం లేకుండానే మనం రప్పిస్తున్నవాళ్లను తగ్గించొచ్చు. 15 రోజుల మాత్రలు ఇచ్చే చోట 30 రోజులవి ఇస్తే, బీపీ షుగర్లు అదుపులో ఉన్నవాళ్లు నెలకు రెండుసార్లు కాకుండా ఒక్కసారే వస్తారు. రిపోర్టు చూపించడానికే మర్నాడు వచ్చేవాళ్లు ఇంకొందరు. ఆధార్ జిరాక్సు లేదనో, పాత పుస్తకం తేలేదనో కౌంటరు నుంచి వెనక్కి వెళ్లి మళ్లీ లైనెక్కేవాళ్లు మరికొందరు. ఫ్యాక్టరీలో అయితే ఇలాంటివన్నీ రీవర్క్, అంటే చేసిన పనే మళ్లీ చేయడం, అని రాసి, ప్రతిరోజూ మీటింగులో లెక్క అడిగేవాళ్లు. ఆసుపత్రిలో ఇవన్నీ కొత్త ఓపీ సంఖ్యలో కలిసిపోయి, సంవత్సరాఖరు రిపోర్టులో "ఈ ఏడాది ఇంత ఎక్కువమందికి సేవలందించాం" అని కనిపిస్తాయి. అక్క ఒక్క రిపోర్టు కోసం రెండు రోజులు వస్తే ఇద్దరికి సేవ చేసినట్టు లెక్కయింది. ఇది నన్ను బాధపెడుతుంది.

మందుల కౌంటరు ఫార్మసిస్టును అడిగితే ఆయన చెప్పిన కారణం న్యాయంగానే ఉంది. సెంట్రల్ స్టోర్ నుంచి ఇండెంటు పెట్టినంత రాదు, ఉన్నది నలుగురికీ సర్దాలి, అందుకే సగం సగం ఇస్తున్నాం అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. కానీ ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. నెలకు మనిషి మింగే మాత్రలు అవే. రెండు విడతల్లో ఇచ్చినా ఒక విడతలో ఇచ్చినా నెలాఖరుకి స్టోరులోంచి వెళ్లేది అంతే. మారేదల్లా ముందుగా కొంచెం ఎక్కువ సరుకు చేతిలో ఉండాలి, ఒక్కసారికి రెండు వారాల స్టాకు అదనంగా తెప్పించుకుంటే తర్వాత చక్రం తిరుగుతుంది. ఆ అదనపు స్టాకు ఖర్చెంత, కొత్త బ్లాకు ఖర్చెంత అని ఎవరైనా పక్కపక్కన పెట్టి చూశారా?

ల్యాబ్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. నా అంచనా ప్రకారం అసలు ముడి అక్కడే ఉంది. శాంపిళ్లు ఉదయమంతా పోగవుతాయి. ట్రే నిండాక మెషీన్లో పెడతారు. అన్నీ అయ్యాక రిజిస్టరులో ఎక్కిస్తారు, ఆ తర్వాత రిపోర్టులన్నీ ఒకేసారి కిటికీ దగ్గరికి వస్తాయి. పెళ్లి భోజనాల్లో బంతి మొత్తం నిండితేనే వడ్డన మొదలవుతుంది కదా, ముందు కూర్చున్నవాడికీ చివర కూర్చున్నవాడికీ ఒకేసారి అన్నం వస్తుంది. ల్యాబ్‌లో జరిగేదీ అదే. ఎనిమిదిన్నరకు రక్తం ఇచ్చిన మనిషి పదకొండుకు ఇచ్చిన మనిషి కోసం ఆగుతున్నాడు. ల్యాబ్ టెక్నీషియన్ వైపు నుంచి చూస్తే ఇది సుఖమైన పద్ధతి. ఒకే పని వరసగా చేసుకుపోవచ్చు, టెస్టుకు వాడే రసాయనం (రీఏజెంట్) కూడా కలిసొస్తుంది. కానీ ఆయన మిగిల్చిన అరగంట కోసం హాల్లో వందమంది తలా రెండు మూడు గంటలు కడుతున్నారు. చిన్న ట్రేలుగా గంటకోసారి పెడితే టెక్నీషియన్‌కు పని కొంత పెరుగుతుంది. ఆ పెరిగిన పనికి ఒక సహాయకుణ్ణి ఇవ్వాలి. ఇవ్వకుండా "ఇకనుంచి గంటకోసారి పెట్టు" అని ఆర్డరు వేస్తే అది వారం కూడా నిలవదు.

ఇంతకంటే తేలిక మార్పు ఒకటుంది. పని వరస మార్చడం. ప్రతి నెలా వచ్చే షుగర్ పేషెంటుకు డాక్టరు ఏ టెస్టు రాస్తారో అందరికీ ముందే తెలుసు. అలాంటప్పుడు డాక్టరు గది ముందు లైన్లో నిలబడి, "టెస్టు చేయించుకో" అన్న మాట విని, ల్యాబ్‌కు వెళ్లి, మళ్లీ రావడం ఎందుకు? డాక్టర్లు ముందే ఒక స్టాండింగ్ ఆర్డరు, అంటే ఇలాంటి పేషెంట్లందరికీ వర్తించే ఆదేశం, రాసిపెడితే, పాత పుస్తకం చూపించగానే బీపీ బల్ల దగ్గరే వేలి రక్తంతో షుగర్ చూసి ఆ అంకె పుస్తకంలో రాయొచ్చు. మిగతా పెద్ద టెస్టులు ఎవరికి ఎప్పుడు కావాలో డాక్టర్లే నిర్ణయిస్తారు, అది నా పని కాదు. కానీ డాక్టరు ముందు కూర్చునేసరికి అంకె చేతిలో ఉంటే రెండో లైనూ రెండో రోజూ రెండూ పోతాయి. మాకు మొదట్లో నేర్పిన నాలుగు ప్రశ్నలు ఇవే. ఈ అంచె తీసెయ్యగలమా, పక్కదానితో కలపగలమా, వరస మార్చగలమా, ఇంకా తేలిక చెయ్యగలమా. ఈ క్రమంలోనే అడగమనేవాళ్లు. అక్కర్లేని అంచెను వేగంగా చేసే మెషీన్ కొనడం కన్నా ముందు దాన్ని తీసెయ్యమని దాని అర్థం.

కొత్త మెషీన్ల మాట వచ్చింది కాబట్టి స్కాన్ అండ్ షేర్ గురించి కూడా చెప్పాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 2022లో మొదలైన ఈ ఏర్పాటు మంచిదే. గోడ మీది క్యూఆర్ కోడును ఫోనుతో స్కాన్ చేస్తే వివరాలు కౌంటరుకు చేరి టోకెన్ నంబరు వస్తుంది. పేరు, వయసు, ఊరు నోటితో చెప్పి రాయించుకునే పని తప్పుతుంది. స్మార్ట్ ఫోను లేని మా అక్క లాంటి వాళ్లకు సాయం చేసే మనిషి పక్కనుంటే అందరికీ ఉపయోగమే. అయితే చీటీ కౌంటరు దగ్గర లైను కరిగినంత మాత్రాన పేషెంటు ఇంటికి తొందరగా వెళ్లడు. ఇరుకు డాక్టరు గది దగ్గరో ల్యాబ్ దగ్గరో ఉన్నప్పుడు, చీటీ త్వరగా ఇస్తే ఆ లైను వెళ్లి ఈ గుమ్మం ముందు చేరుతుంది. ఎక్కడ ఇరుకు ఉందో ముందు కనుక్కుని అక్కడ డబ్బు పెట్టాలి.

అందరూ ఒకేసారి రావడం కూడా పెద్ద కారణమే. దీని మీద ఇంగ్లండులో నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రవేత్త 1952లోనే ఓపీ క్లినిక్కుల గురించి పని చేశాడు. డాక్టరు ఖాళీగా ఉండకూడదన్న భయంతో అందర్నీ పొద్దున్నే రమ్మనే అలవాటు అక్కడా ఉండేది. మొదట ఇద్దరిని రమ్మని, ఆ తర్వాత సగటు పరీక్ష సమయానికి ఒక్కొక్కరి చొప్పున పిలిస్తే డాక్టరూ ఖాళీగా ఉండరు, పేషెంట్లూ పడిగాపులు పడరు అని ఆయన లెక్కకట్టి చూపించాడు. మనవాళ్లు టైము ప్రకారం రారని కొట్టిపారేస్తారేమో. తిరుమలలో టైం స్లాటు టోకెను తీసుకుని, ఆ గంటకే వెళ్లి క్యూలో చేరుతున్నది మనవాళ్లే. ఆ గంటకు వెళ్తే లోపలికి పంపుతారన్న నమ్మకం ఉంటే ఎవరైనా గంట పాటిస్తారు.

అయితే ఇంగ్లండు లెక్కను ఉన్నదున్నట్టు మన దగ్గర దించితే కుదరదు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు గడియారం చూసి రారు, బస్సు చూసి వస్తారు. పొద్దున్న ఒక ఆర్టీసీ బస్సు, మధ్యాహ్నం తిరుగు బస్సు, మధ్యలో షేర్ ఆటోలు. ఎనిమిదికి ఊళ్లో దిగిన మనిషికి పదకొండున్నర టైము ఇస్తే ఆమె ఎక్కడికి వెళ్తుంది? కాబట్టి ఏ మండలం వాళ్లు ఏ బస్సుకు వస్తున్నారో చీటీ కౌంటరు దగ్గర కొద్ది రోజులు అడిగి రాసుకోవాలి. దూరపు ఊళ్లవాళ్లకు ముందు గంటలు, ఊళ్లోవాళ్లకు తర్వాతి గంటలు ఇవ్వాలి. ఊళ్లో ఉండే మనిషి ఇంట్లో టిఫిన్ చేసుకుని పదిన్నరకు వస్తే తనకూ సుఖమే. ఈ సంగతి ఆఫీసులో కూర్చుంటే తెలియదు. గేటు దగ్గర నిలబడి ఎవరు ఎటునుంచి వస్తున్నారో చూస్తేనే తెలుస్తుంది.

ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఈ నిలబడి చూడటం గురించే. టయోటా కంపెనీలో తైచీ ఓనో అనే ఇంజినీరు ఫ్లోరు మీద సుద్దముక్కతో సున్నా గీసి, కొత్త ఇంజినీర్లను అందులో నిలబెట్టి గంటల తరబడి చూడమనేవాడు. ఏం కనిపించిందని వచ్చి అడిగేవాడు, చాలకపోతే ఇంకా చూడమనేవాడు. ఆసుపత్రిలో పని ఎలా సాగుతుందో ఎవరినైనా అడగండి, రూలు ప్రకారం ఎలా సాగాలో చెబుతారు. అబద్ధం చెప్పాలని కాదు, రోజూ చేసే పనిలో ఆగిన క్షణాలు చేసేవాళ్లకే గుర్తుండవు. సిస్టరు గారు ఇంజక్షన్ల గదికీ స్టోరుకూ మధ్య ఎన్నిసార్లు తిరుగుతున్నారో ఆమెకే తెలియదు. గది ప్లాను అట్ట మీద గీసి, ఆగే చోటల్లా గుండుసూది గుచ్చి, ఆమె నడిచిన దారి వెంట దారం చుట్టుకుంటూ వెళ్తే పూట గడిచేసరికి ఆ దారం ఎక్కడ చిక్కగా చేరిందో అందరికీ కనిపిస్తుంది. దూది, సిరంజిల అల్మారాను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపితే చాలన్న సంగతి అప్పుడు ఆమే చెబుతుంది. ఫ్యాక్టరీలో మేము సూచించినవాటిలో నిలబడ్డ మార్పులు చాలావరకు పని చేసేవాళ్ల నోటి నుంచి వచ్చినవే. మేము చూసింది వాళ్ల ముందు పెట్టేవాళ్లం, దారి వాళ్లు చెప్పేవాళ్లు.

ఇది ఆసుపత్రులకు కొత్త విద్య ఏమీ కాదు. గిల్బ్రెత్ వందేళ్ల కిందటే ఆపరేషన్ గదుల్లో కెమెరా పెట్టి చూశాడు. సర్జన్లు కత్తెరలు, పట్టుకార్లు తామే వెతుక్కోవడానికి చాలా సమయం పోతోందని గమనించి, అడిగిన పరికరం చేతికి అందించే మనిషి పక్కన ఉండాలని చెప్పాడు. మన దగ్గర మధురైలో డాక్టర్ వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రిలో పక్కపక్కన రెండు బల్లలు ఉంటాయి. సర్జను ఒక బల్ల మీద శుక్లాల ఆపరేషన్ చేస్తుండగానే రెండో బల్ల మీద తర్వాతి పేషెంటును సిద్ధం చేస్తారు. మైక్రోస్కోపు ఇటు తిప్పగానే పని మొదలవుతుంది. సర్జను చేతి వేగం పెంచమని ఎవరూ అడగలేదు. ఆయన ఆగాల్సిన సమయాన్ని తీసేశారు. పేదలకు ఉచితంగా ఆపరేషన్లు చేసే శక్తి ఆ ఆసుపత్రికి రావడంలో ఈ ఏర్పాటుకు పెద్ద భాగం ఉంది.

కొలత అనగానే భయం వస్తుంది. స్టాప్‌వాచ్ చూడగానే చేతులు నెమ్మదించడం, మాటలు ఆగిపోవడం నేను చాలా చూశాను. దానికి కారణం ఉంది. స్టడీ పేరు చెప్పి మనుషుల్ని తగ్గించిన కంపెనీలు ఉన్నాయి. అందుకే ఆసుపత్రిలో ఈ పని మొదలుపెట్టే ముందు సూపరింటెండెంటు గారు సంతకం చేసి రెండు మాటలు నోటీసు బోర్డులో పెట్టాలి. ఈ స్టడీ వల్ల ఒక్క పోస్టూ పోదు. ఎవరి పేరూ కాగితాల్లో ఉండదు, ఏ అంచెకు ఎంత సమయం పట్టిందో మాత్రమే ఉంటుంది. రాసిన కాగితాలన్నీ సిస్టర్లకు, ల్యాబ్ వాళ్లకు, చీటీ రాసే అబ్బాయికి ముందు చూపించి, వాళ్లు ఒప్పుకున్నాకే పైకి పంపాలి. డాక్టరు నాలుగు నిమిషాల్ని మూడు చెయ్యమని కూడా నేను అడగడం లేదు. నాకు ఆ నాలుగు ఆరు కావాలి. మా అక్క కాళ్ల మంటలు ఎప్పటినుంచో చెప్పాలనుకుంటోంది, వెనక ఉన్న లైను చూసి చెప్పకుండానే లేచి వచ్చేస్తోంది. కాగితాలు వెతకడంలో, రిపోర్టు రాలేదని తిప్పి పంపడంలో పోయే సమయం మిగిలితే అది ఆ కుర్చీకి చేరాలి.

మరి ఈ చూసే పని ఎవరు చేస్తారు? మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. మెకానికల్ పిల్లలు వర్క్ స్టడీ, టైమ్ స్టడీ, ఆపరేషన్స్ రీసెర్చ్ పరీక్ష కోసం చదువుతారు. లైన్ల సిద్ధాంతంలో లెక్కలు చేసి మార్కులు తెచ్చుకుంటారు. కానీ నిజమైన లైను పక్కన వాచీ పట్టుకుని నిలబడిన పిల్లలు తక్కువ. చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బిచ్చి చేయించుకోవడం ఎంత మామూలైపోయిందో తల్లిదండ్రులకూ తెలుసు. ఆ పిల్లల్ని నలుగురైదుగురు చొప్పున దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. చీటీ ఇచ్చేటప్పుడు ఒక చిన్న కార్డు పేషెంటు చేతికి ఇచ్చి, ప్రతి అంచె దగ్గరా ఎప్పుడు చేరారో, ఎప్పుడు పని అయిందో అందులో రాసుకుంటే చాలు. పేషెంటు పేరు అక్కర్లేదు, జబ్బు అక్కర్లేదు, డాక్టరు గదిలోకి వెళ్లనక్కర్లేదు. బయట గుమ్మం దగ్గరి సమయాలే కావాలి. సోమవారం రద్దీ వేరు, సంత రోజు వేరు, పండగ మర్నాడు వేరు కాబట్టి ఒక్కరోజు చూసి రాసేయకుండా కొన్ని వారాలు చూడాలి. మార్పు చేశాక మళ్లీ అదే కార్డుతో కొలవాలి. తగ్గకపోతే పాత పద్ధతికి వెళ్లాలి, అందులో నామోషీ ఏమీ లేదు.

లైన్ల విడదీత గురించి ఒక్క మాట. మందుల దగ్గర ఆడవాళ్లకు, మగవాళ్లకు, వృద్ధులకు వేరు వేరు కిటికీలు ఉన్నచోట ఒక కిటికీ ముందు ఇరవై మంది నిలబడి ఉంటే పక్క కిటికీ ఖాళీగా ఉండటం మీరూ చూసే ఉంటారు. అందరికీ ఒకే టోకెను వరస పెట్టి, ఏ కిటికీ ఖాళీ అయితే అక్కడికి పిలిస్తే ఉన్న మనుషులతోనే పని త్వరగా తెములుతుంది. కూర్చుని టోకెను పిలుపు వింటారు కాబట్టి ఆడవాళ్లు మగవాళ్ల గుంపులో తోసుకోవాల్సిన అవసరమూ ఉండదు. వృద్ధులకు, వికలాంగులకు, గర్భిణులకు మాత్రం ప్రత్యేక కిటికీ ఉండాలి. లెక్క ప్రకారం కొంత నష్టమైనా అది ఉంచాల్సిందే.

కొత్త బ్లాకు వద్దని నేను అనడం లేదు. కొలిచాక కూడా చోటు చాలకపోతే తప్పకుండా కట్టాలి. అప్పుడు ల్యాబ్ ఎక్కడ ఉండాలో, మందుల కౌంటరు గేటుకు ఏ పక్కన ఉండాలో కూడా ఆ కాగితాలే చెబుతాయి. కొలవకుండా కడితే ఇప్పుడున్న వెనక బ్లాకు ల్యాబ్ లాంటిదే ఇంకొకటి తయారవుతుంది, దాన్ని తర్వాత జరపలేం.

ఆసుపత్రి అభివృద్ధి కమిటీ ఈసారి సమావేశమైనప్పుడు రెండు అంశాలు అజెండాలో పెట్టమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అదుపులో ఉన్న బీపీ, షుగర్ పేషెంట్లకు 30 రోజుల మందులు ఇవ్వడానికి ఎంత అదనపు స్టాకు కావాలో లెక్క తీయించడం ఒకటి. దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు ఓపీ హాల్లో స్టడీ చేసుకునే అనుమతి ఇవ్వడం రెండోది. పిల్లలకు కార్డులు ఎలా తయారు చెయ్యాలో, వాచీ ఎలా పట్టాలో, మనుషుల్ని నొప్పించకుండా ఎలా నిలబడాలో నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రూపాయి తీసుకోను. మా విభాగంలో రిటైరైన ఇంకొందరు కూడా వస్తామన్నారు. ఈ ఉత్తరం చదివిన సిస్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు నేను రాసినదానిలో ఎక్కడ కుదరదో మీ పత్రికకు రాస్తే, మొదలుపెట్టే ముందే వాటిని సరిచేసుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇండస్ట్రియల్ ఇంజినీరు,
గాజువాక, విశాఖపట్నం.
(పేరు, ఫోను నంబరు పత్రికకు విడిగా పంపాను. ప్రచురించవద్దని మనవి.)